మైనస్ 30లో మొరాయించిన కారు

2019 జనవరి 30, బుధవారం. షికాగో పక్కనున్న అరోరాలో ఇంకా చీకటి విచ్చలేదు. ఆమె నర్సు. ఏడింటికి డ్యూటీ. భర్త ఆఫీసు పనిమీద వేరే ఊరెళ్లి, విమానాలు రద్దై అక్కడే చిక్కుకుపోయాడు. బడులు మూశారు. ఇలినాయిలో చాలాచోట్ల తపాలా బట్వాడా ఆపేశారు. పట్టాలు మారేచోట మంచు బిగుసుకోకుండా మెట్రా రైళ్లవాళ్లు గ్యాస్ మంటలు పెట్టారు. ఓహేర్ విమానాశ్రయంలో ఆ పొద్దున చలి మైనస్ 30 సెల్సియస్‌కు దిగింది. ఆస్పత్రికి మాత్రం సెలవుండదు.

రాత్రంతా ఆరుబయట ఉన్న కారెక్కి తాళం తిప్పింది. టకటకటకటక. ఇంజిన్ కదల్లేదు. మళ్లీ తిప్పింది. అదే మోత.

ఆదిలాబాద్‌లో అప్పుడు సాయంత్రం అయిదు దాటింది. ఆమె తండ్రి ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మంచు కురవడం ఆయన ఎన్నడూ చూడలేదు. కానీ డిసెంబరులో అక్కడ 4, 5 డిగ్రీల చలి పడినప్పుడల్లా తొలి బస్సును టైముకు గేటు దాటించిన మనిషి.

"బాపూ, బండి స్టార్టయితలేదు."

"సెల్ఫ్ కొడితే ఏం సప్పుడొస్తుంది బిడ్డా? ఫోను దగ్గర పెట్టి ఇనిపియ్యి."

వినిపించింది.

"ఇగ ఆపు. ఊకె కొడితే ఉన్న కరెంటు గూడ పోతది. లైట్లేసి ఒక్కపారి తిప్పు. ఎలుగు తగ్గుతుందా?"

"మొత్తం మబ్బయితుంది బాపూ."

పెట్రోలు గడ్డకట్టిందేమోనని అంతకుముందే భర్త ఫోన్‌లో అన్నాడు. తండ్రి ఆ మాటను పక్కన పెట్టేశారు. ఇంజిన్ గిర్రున తిరుగుతూ అందుకోకపోతే అప్పుడు పెట్రోలు సంగతి, స్పార్క్ సంగతి చూడాలి. ఇక్కడ ఇంజిన్ తిరగనే లేదు. లైటు తగ్గకుండా ఒక్కటే 'టక్' మని ఊరుకుంటే ముందు సెల్ఫ్ మోటారును అనుమానించాలి. లైటు మందగించి టకటకలాడిందంటే మోటారుకు చాలినంత కరెంటు అందడం లేదన్నమాట. లోపం బ్యాటరీలో ఉండాలి, లేదా బ్యాటరీ నుంచి కరెంటు వచ్చే దారిలో ఉండాలి.

చలి పెరిగేకొద్దీ బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది. మైనస్ 18 దగ్గరే దాని బలం సగానికి పడిపోతుంది. ఆ సమయానికే ఇంజినాయిల్ చిక్కబడి, ఇంజిన్‌ను తిప్పడానికి మామూలు కంటే ఎక్కువ కరెంటు అడుగుతుంది. బ్యాటరీ మీద సి.సి.ఎ. అని అచ్చేసేది ఈ లెక్క కోసమే. మైనస్ 18లో అర నిమిషం పాటు ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో అది చెబుతుంది. ఎండాకాలమంతా బయటపడకుండా దాక్కున్న లోపం ఏదున్నా ఇలాంటి పొద్దున బయటికొస్తుంది.

కింది ఇంటి పెద్దాయన జంపర్ కేబుళ్లు పట్టుకొని వచ్చాడు. ఒకప్పుడు లారీ డ్రైవరట. కేబుల్ తగిలించకముందే టార్చి వేసి బ్యాటరీ పక్కలు ఉబ్బాయేమో చూశాడు. పూర్తిగా డౌనైన బ్యాటరీలో ద్రవం దాదాపు నీళ్లే. మైనస్ 7 ప్రాంతంలోనే గడ్డకట్టగలదు. అలా గడ్డకట్టినదానికి కరెంటు ఎక్కిస్తే పేలిపోవచ్చు. మంచుదేశంలో బతికినవాడికి తెలిసిన జాగ్రత్త అది. ఇది ఉబ్బలేదు.

కేబుళ్లు తగిలించారు. తాళం తిప్పింది. టకటకటక.

బ్యాటరీ పోయిందన్నాడాయన, టో ట్రక్కును పిలవమన్నాడు. ఆ రోజు టో ట్రక్కు కోసం ఎన్ని గంటలు కాచుకోవాలో ఎవరికెరుక! చలికి ఫోను ఛార్జి జారిపోతుంటే ఆమె దాన్ని కోటు లోపల ఒంటికి అదుముకుంది. అక్కణ్నుంచే తండ్రి గొంతు వినిపించింది.

"ఎర్ర కేబుల్ యాడ పట్టిచ్చిండ్రు? బ్యాటరీ బుడిపె మీదనా, మన వైరు క్లాంపు మీదనా?"

"బుడిపె మీద."

"గదే సంగతి. అన్నీ తీసెయ్యిండ్రి. క్లాంపు పట్టుకొని తిప్పి సూడు."

ఎర్ర మూత లేపింది. కింద నీలం కలిసిన తెల్లటి పొడి పొరలు కట్టి ఉంది. క్లాంపు చేతిలో వదులుగా తిరిగింది. అరువు తెచ్చిన కరెంటు బుడిపె దాకా వచ్చింది కానీ, ఆ పొడిని దాటి మోటారుకు పోలేదు.

"ముందుగాల నల్లది ఇప్పు, తర్వాత ఎర్రది. ఒట్టి చేత్తోని ముట్టకు, ఆసిడ్ ఉంటది."

నర్సు కదా, జేబులో ఆస్పత్రి గ్లౌజులు ఉన్నాయి. పెద్దాయన పది నంబరు పానా ఇచ్చాడు. గీకడానికి చేతిసంచిలో దొరికింది గోళ్ల ఆకురాయి ఒక్కటే. పల్చటి గ్లౌజుల్లో వేళ్లు కొయ్యబారుతుంటే కాసేపు గీకి, ఉన్ని గ్లౌజులు తొడుక్కుని, మళ్లీ గీకింది. పొడి కింద సీసం మెరిసింది. ముందు ఎర్రది, తర్వాత నల్లది బిగించారు.

జంపర్లు మళ్లీ వేశారు. చివరి నల్ల క్లిప్పును మాత్రం బ్యాటరీకి దూరంగా ఇంజిన్ ఇనుముకు పట్టించారు. నిప్పురవ్వ లేస్తే బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ అంటుకునే ప్రమాదముంది. పెద్దాయన కారును పది నిమిషాలు నడవనిచ్చారు.

తాళం తిప్పింది. ఇంజిన్ మూలిగింది. బరువుగా ఒక చుట్టు, ఇంకో చుట్టు తిరిగి అందుకుంది.

"ఇంజను బంద్ చెయ్యకుంట సీదా దవాఖానకు పో" అన్నారు తండ్రి.

డ్యూటీకి ఆలస్యంగానే చేరింది. ఆ వారాంతం షాపులో పరీక్ష చేస్తే అయిదేళ్లు నిండిన ఆ బ్యాటరీ, దాని మీద రాసిన ఆంపియర్లలో సగం కూడా ఇవ్వలేదు. బ్యాటరీతోపాటు, తుప్పు తినేసిన ఎర్ర క్లాంపును కూడా మార్పించింది. డైనమో ఛార్జింగ్ 14 వోల్టులు దాటుతోందని మీటరు చూసి చెప్పేదాకా తండ్రి ఫోన్ పెట్టలేదు.