నొక్కు గుర్తు నుంచి జీ54 దాకా

ఇంట్లో చిన్న సీఎన్‌సీ రూటర్ పెట్టుకున్నవారు ముందుగా నేర్చుకునే పనుల్లో జీరో పెట్టడం ఒకటి. బిట్‌ను చెక్క మూలకు తెచ్చి, లెక్క ఇక్కడి నుంచి మొదలని మెషీన్‌కు చెబుతారు. ఆ చోటును జీ54 నుంచి జీ59 దాకా ఉన్న ఆరు ఆఫ్‌సెట్లలో ఒకదానిలో దాచుకుంటే, మర్నాడూ అక్కడికే రావచ్చు. ఇదంతా కంప్యూటర్ పుణ్యమేనన్న అభిప్రాయం బలంగా ఉంది. కానీ పని ముక్కను మళ్లీ మళ్లీ ఒకే చోట నిలబెట్టే విద్య కంప్యూటర్ రాకకు సుమారు 150 ఏళ్ల ముందే చెక్కపనిలో ఉంది. అంకె అందులో కొంత భాగాన్నే తీసుకుంది. మిగతాది నేటికీ స్విచ్చులోనూ, పిన్నులోనూ, బిగింపులోనూ ఉంది.

ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ నౌకానిర్మాణ కేంద్రమే ఇందుకు సాక్ష్యం. నౌకాదళం ఓడలకు కప్పీలు లెక్కలేనన్ని కావాలి. మార్క్ ఇసంబార్డ్ బ్రునెల్ రూపకల్పన చేయగా హెన్రీ మాడ్స్‌లే తయారుచేసిన యంత్రాలు 1808లో 1,30,000 కప్పీలు అందించాయి. 110 మంది నిపుణుల పనిని పదిమంది చేశారన్న లెక్కనే అందరూ చెబుతారు. నాకు అంతకంటే విలువైనదిగా తోచేది ఒక చిన్న ఏర్పాటు. మొదటి యంత్రం ఎల్మ్ కర్ర దిమ్మకు రంధ్రాలు వేస్తున్నప్పుడే, దాన్ని పట్టుకున్న బిగింపు కర్రలోకి దిగి నొక్కు గుర్తులు పెట్టేది. తర్వాతి యంత్రాల బిగింపులు సరిగ్గా ఆ గుర్తుల్లోనే కూర్చునేవి. మళ్లీ కొలిచే పని లేదు. దిమ్మ ఎక్కడ నిలవాలో దిమ్మ మీదే రాసి ఉండేది.

అమెరికాలోని హార్పర్స్ ఫెర్రీలో తుపాకులు తయారుచేసిన జాన్ హాల్ దీన్ని మరో మెట్టు ఎక్కించాడు. ప్రతి భాగానికీ ఒకే ఆధార బిందువు ఎంచుకుని, ఏ ఫిక్స్చర్‌లో, అంటే ముక్కను పట్టుకునే చట్రంలో బిగించినా అక్కడి నుంచే కొలత పట్టేవాడు. రెండో కోతను మొదటి కోత నుంచి, మూడోదాన్ని రెండోదాని నుంచి కొలిస్తే తప్పులు పోగవుతాయి. అన్నిటినీ ఒకే బిందువు నుంచి కొలిస్తే ఏ కోత తప్పు ఆ కోతతోనే ఆగిపోతుంది. 1834 నాటికి, వందల కిలోమీటర్ల దూరంలో కనెక్టికట్‌లోని మిడిల్‌టౌన్‌లో సిమియన్ నార్త్ చేసిన రైఫిళ్ల భాగాలు హాల్ రైఫిళ్లలో అమిరాయి. నేటి రూటర్‌లో ఆ ఆధార బిందువు పనిని, మెషీన్‌కు తన మొదటి చోటును చూపించే హోమింగ్ స్విచ్ చేస్తుంది. జీ54లో ఉండేది ఆ బిందువు నుంచి దూరం మాత్రమే. స్విచ్ అర మిల్లీమీటరు కదిలితే ఆరు ఆఫ్‌సెట్లూ కలిసి జరుగుతాయి.

అంకెలతో నడిచే యంత్రం వచ్చాక, ముక్కను నిలబెట్టి పనిముట్టుకు దారి చూపే జిగ్గులతో పనేముందని అడగవచ్చు. ఇందులో కొంత నిజముంది. జాన్ పార్సన్స్ ఆలోచనతో మొదలై 1952లో ఎంఐటీ ప్రదర్శించిన మిల్లింగ్ యంత్రం మూడు అక్షాల కదలికనూ చిల్లుల కాగితపు టేపు నుంచి చదువుకుంది. పనిముట్టుకు దారి చూపే అచ్చుల అవసరం దానితో తగ్గింది. ముక్కను నిలబెట్టే అవసరం మాత్రం తగ్గలేదు. 2009లో సిమెన్ స్వాలే స్కోగ్స్‌రూడ్ మొదలుపెట్టిన జీఆర్‌బీఎల్ అనే నియంత్రణ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఎన్నో చిన్న రూటర్లను నడుపుతోంది. అది జీ54 విలువలను ఈఈప్రామ్‌లో రాస్తుంది కాబట్టి కరెంటు పోయినా అవి ఉంటాయి. జీ92 ఆదేశంతో పెట్టిన తాత్కాలిక జీరో ఉండదు. అయితే కరెంటు పోతే బిట్ ఎక్కడ ఆగిందో స్టెప్పర్ మోటారుకు తెలియదు, మళ్లీ హోమింగ్ చేయాల్సిందే. అదీ చేశాక చెక్కను కాస్త వంకరగా బిగిస్తే, అంకె సరిగ్గానే ఉంటుంది, కోత తప్పుతుంది.

ప్రతిసారీ మూలను తాకించుకుంటే చాలదా అనేవారూ ఉన్నారు. ఒక్క నేమ్‌ప్లేటుకైతే చాలు. పై ఉపరితలాన్ని చెక్కేశాక, మూలను కోసేశాక, తాకించడానికి ఏముంటుంది? రెండువైపులా చెక్కాల్సిన పలకను తిప్పి పెట్టినప్పుడూ ఇదే చిక్కు. కాబట్టి జీ54లో అంకె దాచే ముందు హోమింగ్ రెండుమూడుసార్లు చేసి, బిట్ ఒకే గీత మీదికి వస్తోందో లేదో చూడండి. తర్వాత పలకను మళ్లీ అదే చోట నిలబెట్టేందుకు, బెడ్‌లో రెండు డోవెల్ పిన్నులకు రంధ్రాలను, అదే ఆఫ్‌సెట్ మీద, ఆ మెషీన్‌తోనే వేయించండి.