రొనాల్డ్ ఎవాన్స్

రొనాల్డ్ ఎం. ఎవాన్స్ (జననం: 1949) అమెరికాకు చెందిన జీవరసాయన, అణుజీవ శాస్త్రవేత్త. కాలిఫోర్నియా రాష్ట్రంలోని లా హోయాలో, పోలియో టీకాను రూపొందించిన జోనస్ సాల్క్ స్థాపించిన సాల్క్ సంస్థలో ఆచార్యుడు. హార్మోన్లు, విటమిన్లు, ఆహారంలోని కొవ్వులు కణంలోని జన్యువులను ఏ విధంగా మేల్కొలుపుతాయో తెలిపే కేంద్రక గ్రాహకాలు (న్యూక్లియర్ రిసెప్టర్లు) అనే ప్రోటీన్ల కుటుంబాన్ని వెలుగులోకి తెచ్చినవారిలో ఈయన ముఖ్యుడు. మానవ శరీరంలో ఇటువంటి గ్రాహకాలు 48 ఉన్నాయి. ఉబ్బసం, కీళ్ళవాతం, మధుమేహం, రొమ్ము కాన్సర్ వంటి వ్యాధులకు వాడే పలు మందులు వీటిపైనే పనిచేస్తాయి.

విద్య, తొలి పరిశోధనలు

ఎవాన్స్ లాస్ ఏంజిలస్ నగరంలో జన్మించాడు. అక్కడి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోనే చదివి 1974లో డాక్టరేటు పొందాడు. తరువాత న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ డార్నెల్ వద్ద ఎడినోవైరస్ జన్యువులపై పనిచేసి, 1978లో సాల్క్ సంస్థలో చేరాడు.

హార్మోన్లపై ఆసక్తి ఈయనను మొదట పెరుగుదల హార్మోను జన్యువు వైపు నడిపింది. 1982లో రిచర్డ్ పామిటర్, రాల్ఫ్ బ్రిన్‌స్టర్‌ల బృందం ఎలుక పెరుగుదల హార్మోను జన్యువును చుంచెలుక పిండాలలో ప్రవేశపెట్టగా, వాటిలో కొన్ని మామూలు చుంచెలుకలకు దాదాపు రెట్టింపు బరువు పెరిగాయి. ఆ ప్రయోగంలో ఎవాన్స్ భాగస్వామి. అదే సంవత్సరం మైఖేల్ రోసెన్‌ఫెల్డ్‌తో కలిసి, ఒకే జన్యువు థైరాయిడ్ గ్రంథిలో ఒక హార్మోనును, మెదడులో మరొక పదార్థాన్ని తయారు చేయగలదని చూపాడు. మెదడులో తయారయ్యే ఆ రెండవ పదార్థాన్ని అడ్డుకునే మందులను నేడు పార్శ్వపు తలనొప్పికి వాడుతున్నారు.

కేంద్రక గ్రాహకం పనిచేసే తీరు

ఇన్సులిన్ వంటి హార్మోన్లు కణం లోపలికి వెళ్ళకుండానే, కణత్వచంపై ఉన్న గ్రాహకానికి అంటుకొని తమ పని జరిపించుకుంటాయి. స్టెరాయిడ్ హార్మోన్ల దారి వేరు. ఇవి కొవ్వులో కరుగుతాయి కనుక కణత్వచాన్ని దాటి లోపలికి ప్రవేశించి, అక్కడ ఉన్న గ్రాహక ప్రోటీనుతో జత కడతాయి. షికాగోలో ఎల్‌వుడ్ జెన్సెన్ 1950వ దశకం చివరలో రేడియోధార్మిక హైడ్రోజన్ చేర్చిన ఈస్ట్రోజెన్‌తో ప్రయోగాలు చేసి, గర్భాశయం వంటి కొన్ని కణజాలాలు మాత్రమే ఆ హార్మోనును పట్టి ఉంచుకుంటాయని కనుగొన్నాడు. గ్రాహకం అనే భావనకు పునాది అదే.

పాఠ్యపుస్తకాలలో హార్మోనును తాళంచెవితో, గ్రాహకాన్ని తాళంతో పోల్చడం పరిపాటి. ఇక్కడ ఆ పోలిక పూర్తిగా చాలదు. చెవి పడగానే ఈ తాళం తానే డి.ఎన్.ఎ.ను పట్టుకొని ఫలానా జన్యువు పని మొదలుపెట్టాలనో ఆపాలనో నిర్దేశిస్తుంది. అందువల్ల ప్రతి గ్రాహకంలోను హార్మోనును పట్టుకునే భాగం ఒకటి, డి.ఎన్.ఎ.ను పట్టుకునే భాగం మరొకటి ఉంటాయి. రెండవ భాగాన్ని జింకు పరమాణువులు బిగించి ఉంచుతాయి.

గ్రాహకాల కుటుంబం

1985లో ఎవాన్స్ బృందం మానవ గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకపు జన్యువును వేరుచేసి, ఆ ప్రోటీనులోని 777 అమైనో ఆమ్లాల క్రమాన్ని ప్రకటించింది. అధివృక్క గ్రంథి నుండి వెలువడే కార్టిసాల్ హార్మోను పనిచేసేది ఈ గ్రాహకం ద్వారానే.

ఆ క్రమాన్ని తెలిసిన ఇతర ప్రోటీన్లతో పోల్చి చూచినప్పుడు ఎవరూ ఊహించని పోలిక ఒకటి బయటపడింది. కోళ్ళలో రక్త కాన్సర్ కలిగించే ఒక వైరస్‌లో ఎర్బ్-ఎ అనే జన్యువు ఉంది. హార్మోన్లతో దానికి సంబంధం ఉన్నట్లు అప్పటికి ఎవరికీ తెలియదు. అయినా అది గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకానికి చుట్టంలా కనిపించింది. వైరస్ ఆ జన్యువును కోడి కణాల నుండే సంగ్రహించింది కనుక, కణంలోని అసలు జన్యువు కూడా ఏదో ఒక హార్మోనుకు గ్రాహకం అయి ఉండాలి. 1986లో ఎవాన్స్ బృందం, ఐరోపాలో బ్యోర్న్ వెన్‌స్ట్రోమ్ బృందం వేరువేరుగా అది థైరాయిడ్ హార్మోను గ్రాహకమని నిరూపించాయి. థైరాయిడ్ హార్మోను స్టెరాయిడ్ కాదు. రెండింటి రసాయన నిర్మాణానికి పొంతన లేదు. ఐనప్పటికీ వాటి గ్రాహకాలు ఒకే కుటుంబానివని తేలడం ఆనాడు పెద్ద ఆశ్చర్యం.

1987లో విటమిన్ ఎ నుండి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లపు గ్రాహకాన్ని ఎవాన్స్ బృందం, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో పియర్ షాంబాన్ బృందం ఒకే సమయంలో కనుగొన్నాయి. కొత్త గ్రాహకం దేనికి స్పందిస్తుందో తెలుసుకోవడానికి ఎవాన్స్ అనుసరించిన ఉపాయం చెప్పుకోదగినది. దాని డి.ఎన్.ఎ. పట్టు భాగాన్ని తీసివేసి, ఆ స్థానంలో గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకపు భాగాన్ని అతికించారు. ఆ సంకర ప్రోటీను ఏ పదార్థం సమక్షంలో తెలిసిన జన్యువును మేల్కొలిపితే, ఆ పదార్థమే దాని హార్మోను అన్నమాట.

అనాథ గ్రాహకాలు

అంతవరకు శాస్త్రజ్ఞులు ముందు హార్మోనును కనుగొని, పిదప దాని గ్రాహకాన్ని వెదికేవారు. 1988 నుండి ఈ వరుస తారుమారయింది. ఏ హార్మోనుకు సంబంధించినవో తెలియని గ్రాహకాలు బయటపడసాగాయి. వీటికి అనాథ గ్రాహకాలని పేరు. 1990లో డేవిడ్ మాంగెల్స్‌డార్ఫ్ తదితరులతో కలిసి ఎవాన్స్ ఆర్.ఎక్స్.ఆర్. అనే గ్రాహకాన్ని కనుగొన్నాడు. రెటినోయిక్ ఆమ్లపు మరొక రూపం దానికి అతుకుతుందని 1992లో తెలిసింది. థైరాయిడ్, విటమిన్ డి, రెటినోయిక్ ఆమ్ల గ్రాహకాలు డి.ఎన్.ఎ.ను గట్టిగా పట్టుకోవడానికి ఆర్.ఎక్స్.ఆర్. జంటగా నిలవాలని కూడా ఆ సంవత్సరమే వెల్లడయింది.

మిగిలిన అనాథలలో చాలావాటికి ఆత్మీయులు గ్రంథులలో కాక ఆహారంలోను, కాలేయంలోను దొరికారు. కొవ్వు ఆమ్లాలు, పైత్య రసంలోని ఆమ్లాలు, కొలెస్టరాల్ నుండి వచ్చే పదార్థాలు వాటికి అతుకుతున్నాయని అనేక ప్రయోగశాలలు చూపాయి. అంటే కొవ్వు శరీరానికి ఇంధనమే కాక, జన్యువులకు వార్తాహరి కూడా.

మధుమేహం మందులు

పి.పి.ఎ.ఆర్. అనే ఉపకుటుంబంలో ఆల్ఫా, గామా, డెల్టా అని మూడు గ్రాహకాలున్నాయి. ఆల్ఫా కాలేయంలో కొవ్వును దహింపజేస్తుంది. రక్తంలో కొవ్వు తగ్గించే ఫైబ్రేట్ మందులు దానిపైనే పనిచేస్తాయి. ఆ మందులు 1960వ దశకం నుండి వాడుకలో ఉన్నా, కారణం తెలిసింది 1990 తరువాతనే. గామా కొవ్వు కణాల నిర్మాణానికి మూలమని 1994లో బ్రూస్ స్పీగెల్‌మన్ బృందం చూపింది. మరుసటి సంవత్సరం గ్లిటజోన్ తరగతి మధుమేహ మందులు దీనికే అతుకుతాయని తెలిసింది. ఇవి కొవ్వును కాలేయం, కండరాల నుండి తప్పించి కొవ్వు కణాలలో నిలువజేసి ఇన్సులిన్ పనితీరును మెరుగుపరుస్తాయి. రోగి బరువు మాత్రం పెరగవచ్చు.

ఈ మందుల చరిత్ర సాఫీగా సాగలేదు. కాలేయానికి హాని చేస్తున్నందున ట్రోగ్లిటజోన్‌ను 2000లో అమెరికాలో ఉపసంహరించారు. గుండెకు సంబంధించిన భయాలతో రోసిగ్లిటజోన్‌ను భారతదేశం 2010లో నిషేధించింది. 2013 జూన్‌లో పయోగ్లిటజోన్ అమ్మకాన్ని కూడా నిలిపివేసి, మూత్రాశయ కాన్సర్ గురించిన హెచ్చరికతో జులైలోనే తిరిగి అనుమతించింది. ఆల్ఫా, గామా రెండింటిపైనా పనిచేసే సరోగ్లిటజార్ అనే మందు భారతదేశంలోనే తయారై 2013లో ఇక్కడ అనుమతి పొందింది.

మారథాన్ చుంచెలుకలు

డెల్టా గ్రాహకంపై పని ఎవాన్స్‌కు పత్రికలలో ఎక్కువ పేరు తెచ్చింది. 2004లో ఈయన బృందం కండరాలలో ఈ గ్రాహకం ఎల్లప్పుడూ చురుకుగా ఉండే చుంచెలుకలను సృష్టించింది. వాటిలో అలసట ఎరుగని, కొవ్వును దహించే కండర తంతువులు పెరిగాయి. అవి మామూలు వాటికంటే దాదాపు రెట్టింపు దూరం పరుగెత్తాయి. కొవ్వు ఎక్కువగల మేత పెట్టినా అంతగా లావెక్కలేదు.

2008లో డెల్టాను ప్రేరేపించే జి.డబ్ల్యు.1516 అనే రసాయనంతో ప్రయోగించగా, పరుగులో శిక్షణ కూడా పొందిన చుంచెలుకలలో మాత్రమే ఓర్పు పెరిగింది. ఎయికార్ అనే మరొక రసాయనం శిక్షణ లేకుండానే ఓర్పును 44 శాతం పెంచింది. "వ్యాయామ మాత్ర" అన్న మాట అప్పటి నుండి ప్రచారంలోకి వచ్చింది. 2017లో ప్రకటించిన ప్రయోగంలో, ఎక్కువ మోతాదులో 8 వారాలు జి.డబ్ల్యు.1516 ఇచ్చినప్పుడు శిక్షణ లేని చుంచెలుకలు కూడా సుమారు 160 నిమిషాలకు బదులు 270 నిమిషాలు పరుగెత్తాయి. కండరాలు చక్కెరను వాడుకోక మెదడు కోసం మిగల్చడమే ఇందుకు కారణమని బృందం వివరించింది.

అయితే ఈ రసాయనం మందుగా రాలేదు. దీర్ఘకాలం ఇచ్చిన జంతువులలో పలు అవయవాలకు కాన్సర్ సోకడంతో ఔషధ సంస్థ దాని అభివృద్ధిని మానుకుంది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2009లో దీనిని నిషేధిత జాబితాలో చేర్చింది. అయినా కొందరు క్రీడాకారులు, వ్యాయామశాలలకు వెళ్ళేవారు చీకటి బజారులో కొని వాడుతున్నారని తెలిసి, 2013లో ఇది ప్రాణాపాయకరమని ఆ సంస్థ ప్రత్యేకంగా హెచ్చరించింది. ప్రయోగశాలలోని ఫలితం మనుషులకు పనికివచ్చే మందు అయ్యేలోగా ఎన్ని పరీక్షలు దాటాలో విద్యార్థులు గమనించవలసిన ఉదాహరణ ఇది. అదే డెల్టా గ్రాహకంపై పనిచేసే సెలడెల్పార్ అనే వేరొక మందును ఒక అరుదైన కాలేయవ్యాధికి వాడడానికి అమెరికా 2024లో అనుమతించింది.

పురస్కారాలు

2004లో ఎవాన్స్, జెన్సెన్, షాంబాన్ ముగ్గురికీ కలిపి లాస్కర్ పురస్కారం లభించింది. జెన్సెన్‌కు అప్పటికి 84 ఏళ్ళు; ఆయన 2012లో మరణించాడు. ఎవాన్స్ 2006లో కెనడావారి గైర్డ్‌నర్ పురస్కారాన్ని, 2012లో ఇజ్రాయెల్‌వారి వోల్ఫ్ పురస్కారాన్ని అందుకున్నాడు.