రాజధాని నడిచిన దారి

తెల్లవారేసరికి కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర ఉండగలిగితే, వంశధార సముద్రంలో కలిసే చోట బయల్దేరి, చీకటి పడే వేళకు విజయనగరం కోట ముందు దిగవచ్చు. దారిలో సాలిహుండం, శ్రీకూర్మం, ముఖలింగం, శ్రీకాకుళం, పొందూరు, రాజాం, బొబ్బిలి తగులుతాయి. మన వాళ్లు చాలామంది వీటిని ముక్కలు ముక్కలుగా చూస్తారు. రథసప్తమికి అరసవల్లి, శివరాత్రికి ముఖలింగం, దసరా వెళ్లాక పైడితల్లమ్మ జాతర. ఏ ఊరికి ఆ ఊరు వెళ్లి దణ్ణం పెట్టుకుని వచ్చేస్తారు. ఇంచుమించు అవి పుట్టిన వరసలో ఒకే రోజున చూస్తే మాత్రం ఒక కథ దొరుకుతుంది. ఈ నేల మీద కొలువు ఒక చోట నిలవలేదు. ఒక ఊళ్లో ఎత్తేసిన కొలువు ఇంకో ఊళ్లో దిగింది. పాత ఊళ్లో గుడి మిగిలింది, కొత్త ఊరికి కోట వచ్చింది.

మొదలు రేవే. కళింగపట్నం ఇప్పుడు బెస్తపల్లె, సెలవు రోజుల్లో జనం వచ్చే బీచి. ఒకప్పుడు ఓడలు ఆగిన చోటు. రేవు ఉన్నచోటికి వర్తకులు వస్తారు, వర్తకులున్నచోటికి బౌద్ధ భిక్షువులు వచ్చారు. నది వెంట కొద్ది దూరం ఎగువకు వెళ్తే దక్షిణపు గట్టున సాలిహుండం కొండ ఉంది. పైకెక్కితే ఇటుక స్తూపాల పునాదులు, చైత్యాలు, ఉపన్యాసాలు జరిగిన మండపాల ఆనవాళ్లు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. చక్రం ఆకుల్లా ఇటుకలు పేర్చి కట్టిన స్తూపం అడుగుభాగం చూడండి. గట్టి ఇటుక ఆకులు, వాటి మధ్య నింపిన మట్టి. ఎంత ఎత్తు కట్టినా కుంగకుండా ఆ రోజుల్లో కనిపెట్టిన ఉపాయం అది. తవ్వకాల్లో ధాతువుల పేటికలు, బ్రాహ్మీ అక్షరాలు గీసిన కుండపెంకులు, తార, మారీచి విగ్రహాలు బయటపడ్డాయి. క్రీస్తుకు ముందే మొదలైన ఆరామం వజ్రయానం దాకా బతికిందనడానికి ఆ విగ్రహాలే సాక్ష్యం. కొండ మీద నిలబడితే ఒకవైపు వంశధార, ఇంకోవైపు సముద్రం. భిక్షువులు ఈ చోటు ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇదే నది మీద, సరుబుజ్జిలి వైపు, దంతవరపుకోట అనే మట్టిదిబ్బ ఉంది. బుద్ధుడి దంతం కొన్నాళ్లు కళింగ రాజధాని దంతపురంలో ఉందని, శత్రువుల భయంతో రాకుమారి హేమమాల దాన్ని జడలో దాచుకుని సింహళానికి తీసుకెళ్లిందని పాలి గ్రంథం దాఠావంశం చెబుతుంది. ఆ దంతపురం ఇదేనని కొందరంటారు, పూరీ అని ఇంకొందరు. ఒక్క రోజు ప్రయాణంలో అక్కడికీ వెళ్లడం కష్టం. తీరిక ఉన్నవాళ్లు విడిగా వెళ్లిరావాలి.

సాలిహుండం దిగి శ్రీకాకుళం వైపు వస్తుంటే శ్రీకూర్మం. విష్ణువు కూర్మరూపంలో పూజలందుకునే గుడిగా దేశమంతా దీన్ని ఎరుగుదురు. నాకు మాత్రం ఇక్కడి నల్లరాతి స్తంభాల మీద ఎక్కువసేపు చూపు ఆగుతుంది. వాటి నిండా శాసనాలే, ఎక్కువ భాగం తెలుగువి. ఏ రాణి దీపానికి ఎన్ని గొర్రెలిచ్చింది, ఏ అధికారి ఏ తోట రాసిచ్చాడు, అన్నీ పద్దుల్లా ఉంటాయి. 1281 నాటి శాసనం ఒకటి నరహరి తీర్థులది. మధ్వాచార్యుల శిష్యుడు, పీఠం ఎక్కక ముందు గాంగరాజుల పక్షాన కళింగాన్ని పాలించిన సన్యాసి. కత్తి పట్టి శబరుల దాడి నుంచి ఈ గుడిని కాపాడారని ఆ శాసనమే చెబుతుంది.

ఆ గాంగుల ఊరు ముఖలింగం. హైవే మీద మడపాం దగ్గర వంశధార దాటి, నరసన్నపేటలో ఎడమకు తిరిగితే వరిచేల మధ్య నుంచి దారి. ఊరు చిన్నది. ఇల్లూ గుడీ కలిసిపోయిన వీధులు. ఐదో శతాబ్దం చివర తమ పేరనే ఒక శకం మొదలుపెట్టి, దక్షిణ కళింగాన్ని కొన్ని వందల ఏళ్లు ఏలిన తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదే. ఈ మాట ఇంత ధైర్యంగా ఇవాళ అనగలుగుతున్నామంటే దాని వెనక ఒక బడిపంతులు కష్టం ఉంది.

గిడుగు వెంకట రామమూర్తి పుట్టింది ఇక్కడికి దగ్గర్లోని పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు అందరికీ తెలుసు. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పుకుంటూ, పాత లిపులు చదవడం తనంతట తానే నేర్చుకుని, సెలవు దొరికినప్పుడల్లా ముఖలింగం గోడల ముందు కూర్చున్న గిడుగు తెలిసినవాళ్లు తక్కువ. తామ్రశాసనాల్లో మాటిమాటికీ వచ్చే కళింగనగరం ఎక్కడుందో పండితులు తలో మాట చెబుతున్న రోజులవి. కళింగపట్నమే కళింగనగరం అని చాలామంది అనుకునేవారు. ముఖలింగం గుళ్లోని శాసనాలు చదివి, పక్కనే ఉన్న నగరికటకం పేరు కూడా కలుపుకుని, రాజధాని సముద్రపు ఒడ్డున కాదు, ఇక్కడే అని ఆయన వాదించారు. ఆ వాదనే నిలబడింది. సాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో మొదట గుర్తించిందీ ఆయనే. పొద్దుటి నుంచి మనం చూసిన రెండు చోట్లకూ ఆయనకు రుణపడి ఉన్నాం. ముఖలింగం వెళ్లినవాళ్లు ఆయన పేరు ఒకసారి తలచుకుంటే బాగుంటుంది.

ఇక్కడ గుళ్లు మూడు: మధుకేశ్వరం, భీమేశ్వరం, సోమేశ్వరం. మధుకేశ్వరం పెద్దది, పాతది. కామార్ణవుడు కట్టించాడని గాంగుల శాసనం మాట. ఇప్పచెట్టు కొట్టబోతే అందులో శివుడి ముఖం కనిపించిందనీ, ఆ చెట్టే లింగమైందనీ సవరల కథ. ఇప్పను సంస్కృతంలో మధూకం అంటారు కనుక స్వామి మధుకేశ్వరుడయ్యాడు. గర్భగుడిలో లింగం వెనక ఒక పెద్ద మట్టి గోలెం ఉంది. గుమ్మంలోంచి పట్టనంత పెద్దది. మొక్కుకున్న కుమ్మరి దాన్ని లోపలికి తేలేక ఏడ్చాడని, తెల్లారేసరికి అది తనంతట తానే లోపల ఉందని చెబుతారు. సోమేశ్వరం ఊరి మొదట్లోనే వస్తుంది. మండపం లేదు, నిలువునా లేచిన ఒక్క శిఖరం. గుమ్మానికి రెండువైపులా గంగ, యమున. ఒడిశా గుళ్లు చూసినవాళ్లకు ఆ శిఖరం వంపు వెంటనే గుర్తుకొస్తుంది. నిజానికి వరస తిరగేసి చెప్పాలి. భువనేశ్వరంలోనూ పూరీలోనూ చూసే గుళ్లకు ఈ ఊరు దగ్గర చుట్టం. ఇక్కడి రాజే అనంతవర్మ చోడగంగు. 1078లో పట్టాభిషేకం జరిగిన ఆయన దాదాపు 70 ఏళ్లు ఏలాడు, ఉత్కళాన్ని గెలిచాడు, పూరీలో జగన్నాథుడి గుడి మొదలుపెట్టాడు. గెలిచిన రాజ్యం మధ్యలో ఉండాలని కొలువును ఒడిశాలోని కటకానికి మార్చాడు. ఆనాటి నుంచి ముఖలింగం రాజధాని కాదు, పుణ్యక్షేత్రం. శివరాత్రి వెళ్లాక వంశధారలో జరిగే చక్రతీర్థ స్నానాలకు ఇప్పటికీ ఒడిశా నుంచి జనం వస్తారు. వాళ్లకు ఇది పొరుగు రాష్ట్రపు గుడి కాదు, సొంత గుడే.

మళ్లీ కొలువు ఇటు వచ్చేసరికి నాలుగు వందల ఏళ్లు పైన పట్టింది. గాంగుల తర్వాత గజపతులు వచ్చారు. 1571 ప్రాంతంలో గోల్కొండ కుతుబ్‌షాహీలు ఈ నేలను గెలుచుకుని, నాగావళి ఒడ్డున శ్రీకాకుళంలో ఫౌజుదారును కూర్చోబెట్టారు. అప్పటి నుంచి సిక్కోలు పెద్ద ఊరైంది. ఇంగ్లిషువాళ్లు చికాకోల్ అన్నారు, ఒక సర్కారుకే ఆ పేరు వచ్చింది. ఊరి నడిబొడ్డున ఉన్న జామియా మసీదు 1641లో ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించింది. ఆ మసీదు ముందు తప్పకుండా కాసేపు ఆగండి. సాయంత్రం మనం చూడబోయే రెండు కోటలకూ మొదలు ఆ ఖాన్ కొలువే. ఆయన వెంట వచ్చిన వాళ్లలో పూసపాటి మాధవవర్మ ఒకరు, వెంకటగిరి వెలమదొరల వంశానికి చెందిన పెద్దరాయుడు మరొకరు. మాధవవర్మ సంతతి విజయనగరం కట్టింది. పెద్దరాయుడి సంతతి బొబ్బిలి కట్టింది. తమకు జాగీరిచ్చిన షేర్ ఖాన్ పేరులోని బెబ్బులినే ఊరి పేరుగా పెట్టుకున్నారని బొబ్బిలి వాళ్లు చెప్పుకుంటారు. వందేళ్ల తర్వాత గొంతులు కోసుకున్న రెండు వంశాలూ ఒకే సేనలో నడిచి ఇక్కడికి వచ్చాయి. బొబ్బిలి కథ చెప్పేవాళ్లు దీన్ని దాటేస్తుంటారు. నాకు మాత్రం ఆ కథలో అన్నిటికన్నా బరువైన ముక్క ఇదే.

చిలకపాలెం దగ్గర హైవే దిగితే పొందూరు. రాజులు లేని ఊరిది, కానీ రాజులందరికన్నా పాత పని ఒకటి ఇక్కడ నడుస్తోంది. గుడ్డకు పెట్టే మొదటి చెయ్యి చేపది. వాలుగ చేప దవడను చేతిలో పట్టుకుని ఆడవాళ్లు పత్తిని గింజతో సహా దువ్వుతారు. దవడలోని సన్నటి పళ్లకు చెత్తా నలుసూ చిక్కి, పోగులన్నీ ఒకవైపుకు తిరుగుతాయి. ఆ దవడలు గోదావరి వైపు నుంచి వస్తాయి. తర్వాత చెక్క మీద చిన్న ఇనుపకడ్డీ దొర్లించి గింజ తీస్తారు, ఏకుతారు, ఏకులు చుట్టి ఎండిన అరటి డొప్పలో పెట్టి, ఒంటికదురు రాట్నం మీద వడుకుతారు. నూలు నూరో నంబరు దాకా వస్తుంది. యంత్రం ఏ దశలోనూ లేదు. గాంధీజీ మెచ్చుకున్న ఖద్దరు ఇది. ముసలి చేతులు తప్ప కొత్త చేతులు ఈ పనిలోకి రావడం లేదు. కొనేవాళ్లు సంఘం దుకాణంలో అడిగి, చేప దవడతో దువ్విన పత్తి గుడ్డే కొనాలి. ఆ డబ్బులో వడికిన ఆవిడ వాటా ఎంతో కూడా అడగాలి.

రాజాం దాటుతున్నప్పుడు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు గుర్తుకు రాకుండా ఉండడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలుతున్నప్పుడు ఆయన రాజాం కోటలో ఉన్నాడు. బొబ్బిలికీ విజయనగరానికీ గొడవ పెద్దగా మొదలు కాలేదు. సరిహద్దు పల్లెలు, వాగు నీళ్ల మళ్లింపు దగ్గర పుట్టింది. విజయనగరం రాజు పెద విజయరామరాజు ఆ తగవులోకి ఫ్రెంచి సేనాని బుస్సీని దించాడు. బొబ్బిలి మట్టికోటను ఫిరంగులు పొద్దుటి నుంచి కొట్టాయి. ఓటమి ఖాయమని తేలాక కోటలోని స్త్రీలను, పిల్లలను వాళ్ల మగవాళ్లే చంపి, తాము పోరాడుతూ చనిపోయారు. బొబ్బిలి రాజా రంగారావు చనిపోయాడు, ఆయన చిన్న కొడుకు ఒక్కడు ప్రాణాలతో దొరికాడు. మూడో రాత్రి పాపారాయుడు గుడారంలోకి దూరి విజయరామరాజును పొడిచి చంపాడు, తానూ చనిపోయాడు. యుద్ధం జరిగిన చోట ఇప్పుడు స్మారక స్తంభం ఉంది. బతికిన పిల్లవాడి వంశం మళ్లీ బొబ్బిలి ఏలింది. ఆ వంశపు రామకృష్ణ రంగారావు 1932లో మద్రాసు ప్రధాని అయ్యారు. పక్కనే గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు పనసమొద్దు ఒక్కదాన్నే తొలిచి ఏకాండి వీణ చేస్తాయి. కుండ, దండి వేరుగా అతకరు.

విజయనగరం కోట 1713 నాటిది. విజయనామ సంవత్సరంలో, విజయదశమి ముహూర్తానికి పునాది వేశారని చెబుతారు. అంతకుముందు పూసపాటి వారు కుమిలి మట్టికోటలో ఉండేవారు. చతురస్రపు రాతికోట, నాలుగు మూలలా బురుజులు, చుట్టూ కందకం. బొబ్బిలి యుద్ధం ఈ ఊరినీ వదల్లేదు. అన్న చావు ముందే తెలిసిన విజయరామరాజు చెల్లెలు పెద్దచెరువులో కలిసిపోయి పైడితల్లమ్మ అయిందని జనం నమ్మిక. దసరా తర్వాతి మంగళవారం చింతమాను కొనకు కట్టిన ఆసనంలో పూజారి కూర్చుని, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతాడు. ముందు బెస్తవారి వల నడుస్తుంది. అమ్మవారి విగ్రహాన్ని చెరువులోంచి తీసింది వాళ్లే కనుక ఆ మర్యాద వాళ్లది. మిగిలిన ఊళ్లలో కొలువు పోయాక ఊరు చిన్నబోయింది. విజయనగరంలో అలా జరగలేదు. గురజాడ కన్యాశుల్కం 1892లో మొదట ఆడింది ఇక్కడే. 1919లో పెట్టిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపల్, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ గురువు. ఘంటసాల ఇక్కడే పాట నేర్చుకున్నారు. 1958లో కోటను కూడా పూసపాటి వంశపు పి.వి.జి. రాజు చదువుల ట్రస్టుకు ఇచ్చేశారు. గదుల్లో ఇప్పుడు పిల్లలు చదువుకుంటున్నారు.

వెళ్లాలనుకునేవారికి రెండు మాటలు. కార్తికం నుంచి మాఘం దాకా మంచి కాలం. ముఖలింగంలో భోజనం దొరుకుతుందన్న ధీమా వద్దు, నరసన్నపేటలోనే చూసుకోండి. ఉపాధ్యాయులకు ఒక విన్నపం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బడుల నుంచి విహారయాత్రంటే బస్సులు అరకుకో విశాఖ బీచికో పోతున్నాయి. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక్క రోజు ఈ దారిన తిప్పండి. శ్రీకూర్మం స్తంభం ముందు నిలబెట్టి, అందులోని తెలుగు అక్షరాలు కొన్ని వాళ్ల చేతే చదివించండి. గిడుగు కూడా అలాగే మొదలుపెట్టారు.