తీర్పు వేరు, ప్రవర్తన వేరు: విశ్వవిద్యాలయ పరీక్షకుల జవాబుదారీతనం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పరీక్షకుని విద్యావిషయక నిర్ణయాన్ని భారతదేశంలోని న్యాయస్థానాలు సాధారణంగా తిరగదోడవు. అయితే ఆ నిర్ణయానికి ఆయన చేరుకొన్న తీరు మాత్రం గత ఐదు దశాబ్దాలలో క్రమంగా విచారణ పరిధిలోకి వచ్చింది. ఈ పరిణామాన్ని ప్రధాన తీర్పుల ద్వారా, విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) నిబంధనల ద్వారా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పరీక్షకుడు, మౌఖిక పరీక్ష, మూల్యాంకనం, గోప్యత, ఫిర్యాదు.

1. ఉపోద్ఘాతం:
1857లో ఏర్పడిన కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలకు లండన్ విశ్వవిద్యాలయం నమూనా. బోధన అనుబంధ కళాశాలల బాధ్యత కాగా, పరీక్ష నిర్వహించి పట్టా ఇవ్వడం విశ్వవిద్యాలయం పని. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు కోస్తా, రాయలసీమ కళాశాలల విద్యార్థులు మద్రాసు విశ్వవిద్యాలయ పరీక్షలే రాసేవారు. ఈ వ్యవస్థలో విద్యార్థి ఎవరో పరీక్షకునికి తెలియదు. పరీక్షకుడు ఎవరో విద్యార్థికి తెలియదు. పక్షపాతానికి తావులేకుండా చేయడమే ఈ గోప్యత లక్ష్యం.

మౌఖిక పరీక్షలో పరిస్థితి వేరు. అక్కడ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. విద్యార్థి పేరు, ఊరు, కులం, పర్యవేక్షకుడు - అన్నీ పరీక్షకునికి తెలిసే అవకాశం ఉంది. అనామకత్వం తొలగిపోయినా, పరీక్షకుణ్ణి ప్రశ్నించరాదన్న సంప్రదాయం మాత్రం నిలిచిపోయింది. అనుచిత ప్రవర్తన సమస్యకు మూలం ఇక్కడే ఉంది.

2. మౌఖిక పరీక్ష - అజయ్ హాసియా తీర్పు:
శ్రీనగర్‌లోని ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, వరంగల్లు కళాశాల వలెనే, ఆనాడు దేశంలో నెలకొల్పిన ప్రాంతీయ కళాశాలల్లో ఒకటి. 1979-80 ప్రవేశాలకు ఆ కళాశాల రాతపరీక్షకు 100, మౌఖిక పరీక్షకు 50 మార్కులు కేటాయించింది. ఒక్కొక్కరి మౌఖిక పరీక్ష రెండు మూడు నిమిషాలకు మించలేదనీ, తల్లిదండ్రుల గురించి, నివాసం గురించి అడిగారే తప్ప విషయపరిజ్ఞానాన్ని పరీక్షించలేదనీ ప్రవేశం దొరకని విద్యార్థులు సర్వోన్నత న్యాయస్థానానికి వెళ్లారు.

1980 నవంబరులో న్యాయమూర్తి పి.ఎన్. భగవతి ఐదుగురు సభ్యుల ధర్మాసనం తరఫున తీర్పు వెలువరించారు. రాతపరీక్షలో తక్కువ మార్కులు వచ్చినవారికి మౌఖిక పరీక్షలో ఎక్కువ రావడాన్ని మాత్రమే చూసి దురుద్దేశాన్ని నిర్ధారించలేమని న్యాయస్థానం భావించింది. అయితే మౌఖిక పరీక్షకు మూడోవంతు మార్కులు కేటాయించడం, ప్రశ్నలు అసంగతంగా ఉండడం, వ్యవధి అత్యల్పం కావడం నిరంకుశమని నిర్ధారించింది. అటువంటి ప్రవేశాలలో మౌఖిక పరీక్షకు 15 శాతానికి మించి మార్కులు ఉండరాదని చెప్పింది. మౌఖిక పరీక్షలను టేపురికార్డు చేయడం వాంఛనీయమని కూడా సూచించింది.

అప్పటికే చదువు సాగిస్తున్నవారి ప్రవేశాలను న్యాయస్థానం రద్దు చేయలేదు. ప్రవేశం దొరకనివారిలో ఉత్తములైన 50 మందికి 1981-82లో అదనపు సీట్లు ఇవ్వడానికి ప్రతివాదులు అంగీకరించారు. న్యాయం దక్కినా, ఆ విద్యార్థులకు రెండు విద్యాసంవత్సరాలు నష్టమయ్యాయి.

3. రాతపరీక్ష - గోప్యత సడలిన క్రమం:
రాతపరీక్షల విషయంలో మార్పు మరింత నెమ్మదిగా వచ్చింది. 1983లో కాన్పూరు విశ్వవిద్యాలయం కేసులో, అధికారికంగా ఇచ్చిన సమాధానాల జాబితా తప్పని ప్రామాణిక పాఠ్యగ్రంథాల ఆధారంగా స్పష్టంగా రుజువైతే ఆ తప్పుకు విద్యార్థిని శిక్షించరాదని సర్వోన్నత న్యాయస్థానం స్పష్టం చేసింది. మరుసటి ఏడాది, 1984లో, పరితోష్ భూపేశ్ కుమార్ సేథ్ కేసులో మాత్రం జవాబుపత్రాల పరిశీలననూ పునర్మూల్యాంకనాన్నీ నిషేధించిన మహారాష్ట్ర బోర్డు నిబంధనలను సమర్థించింది.

2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ఈ స్థితిని మార్చింది. 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో, మూల్యాంకనం చేసిన జవాబుపత్రం ఆ చట్టం ప్రకారం ‘సమాచారమే’ననీ, తన పత్రాన్ని చూసే హక్కు విద్యార్థికి ఉందనీ న్యాయస్థానం తేల్చింది. పరీక్షకుల పేర్లను మాత్రం వారి భద్రత దృష్ట్యా వెల్లడించనక్కరలేదని చెప్పింది. పరీక్షకుడు తెరవెనుకనే ఉన్నా, ఆయన చేసిన పని వెలుగులోకి వచ్చింది.

4. పరిశోధన పట్టా - నేటి నిబంధనలు:
యు.జి.సి. 2022 పిహెచ్.డి. నిబంధనల ప్రకారం సిద్ధాంతగ్రంథాన్ని పర్యవేక్షకునితోపాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు పరిశీలించాలి. వారిలో ఒకరు తిరస్కరిస్తే గ్రంథం ఆమోదిత జాబితాలోని మరొక పరీక్షకునికి వెళ్లాలి. మౌఖిక పరీక్షకు అధ్యాపకులు, పరిశోధకులు, విద్యార్థులు హాజరు కావచ్చు. ఫలితంతో సహా మొత్తం ప్రక్రియ ఆరు నెలలలో ముగియాలి. ఒక్కరి అయిష్టం పరిశోధకుని భవిష్యత్తును నిర్ణయించకుండా ఈ ఏర్పాటు అడ్డుపడుతుంది.

2023 విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు మూల్యాంకనంలో పారదర్శకత లేని, అన్యాయమైన పద్ధతులను ఫిర్యాదు చేయదగిన విషయాలుగా గుర్తించాయి. ఫిర్యాదుల కమిటీ వీలైనంతవరకు 15 పనిదినాలలో నివేదిక ఇవ్వాలి. ఆపై అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అయితే ఫలితాన్ని ప్రభావితం చేసిన నిర్దిష్టమైన అక్రమాన్ని గాని, వివక్షకు నిర్దిష్టమైన ఉదాహరణను గాని చూపకపోతే పునర్మూల్యాంకనం కోరే అప్పీలును స్వీకరించరు.

5. ముగింపు:
ఈ చరిత్ర నుండి ఒక సూత్రం స్పష్టమవుతోంది. ‘పరీక్షకుడు నా వాదాన్ని అంగీకరించలేదు’ అన్న ఫిర్యాదు సాధారణంగా నిలవదు; అది తీర్పుకు సంబంధించినది. ‘గ్రంథం గురించి అడగక కులం గురించి అడిగారు’, ‘డబ్బు కోరారు’, ‘నివేదికను కారణం లేకుండా నెలల తరబడి నిలిపివేశారు’ అన్నవి ప్రవర్తనకు సంబంధించినవి. ఆధారం ఉంటే నిలుస్తాయి. కాబట్టి తేదీ, సమయం, అడిగిన ప్రశ్న, హాజరైనవారి పేర్లు అదే రోజున రాసిపెట్టుకోవడం, పరీక్షల నియంత్రణాధికారికి రాతపూర్వకంగా తెలిపి రసీదు పొందడం అవసరం.

మౌఖిక పరీక్షను రికార్డు చేయాలన్న 1980 నాటి సూచన 2022 నిబంధనల్లో నియమం కాలేదు. ఆ లోటును ప్రస్తుతం కొంతవరకు పూరించగలిగేది సభలో కూర్చున్న శ్రోతలే. బహిరంగ మౌఖిక పరీక్షను లాంఛనంగా భావించి ఖాళీ గదిలో ముగించే విభాగాలు తమ పరిశోధకునికి దక్కవలసిన సాక్ష్యాన్ని దూరం చేస్తున్నాయి. సహపరిశోధకులు, అధ్యాపకులు ఆ సభకు హాజరు కావడం మర్యాద మాత్రమే కాదు, బాధ్యత కూడా.