పట్టణ నివాస ప్రాంతాలలో చిన్న కమతాల సాగు – చట్టరీత్యా గల రక్షణలు: నిజామాబాద్, బోధన్ ప్రాంతాల పరిశీలన

నిజామాబాద్: నగర, పట్టణ పరిధిలోని నివాస ప్రాంతాల నడుమ గుంటల లెక్కన వరి, చెరకు, పసుపు, ఆకుకూరలు సాగు చేయు రైతులకు ఏయే చట్టాల క్రింద ఏ మేరకు రక్షణ కలదో పాత్రికేయుల, అధికారుల సమాచారార్థం ఈ వ్యాసంలో వివరించడమైనది. ఇటువంటి సాగు కొరకు ప్రత్యేకించి రూపొందిన చట్టం రాష్ట్రంలో లేదు. రక్షణలు రెవిన్యూ, పురపాలక, పన్ను, భూసేకరణ చట్టాలలో చెల్లాచెదురుగా ఉన్నవి.

నిజామాబాద్ పురపాలక సంఘం 2005 మార్చిలో నగరపాలక సంస్థగా ఉన్నతీకరించబడినది. తదుపరి పరిసర గ్రామాలు కొన్ని నగరంలో విలీనమైనవి. 2020 ఎన్నికల నాటికి డివిజన్ల సంఖ్య 60కి చేరినది. 2017లో నిజామాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడినది. బోధన్‌లో పరిస్థితి వేరు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటిపై, 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారంపై ఆధారపడి పెరిగిన పట్టణమది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పగించబడిన ఈ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినది. గిట్టుబాటు తగ్గిన చెరకు భూమికి పట్టణం అంచున ప్లాట్ల రూపంలో గిరాకీ ఏర్పడుట సహజమే. కావున చట్టం ఏమి చెప్పుచున్నదో తెలిసియుండుట ఇక్కడి చిన్న రైతుకు అత్యవసరం.

గ్రామం పట్టణంలో విలీనమైనంత మాత్రాన అందలి సాగు భూమి వ్యవసాయేతర భూమిగా మారదు. క్షేత్రస్థాయిలో తరచు పొరపడు విషయమిదే. నాలా చట్టంగా వ్యవహరించబడు 2006 నాటి వ్యవసాయ భూమి వ్యవసాయేతర ప్రయోజనాల మార్పిడి చట్టం ప్రకారం భూమి వినియోగమే ప్రమాణం. ముందస్తు అనుమతి లేకుండా సాగు భూమిని ఇతర ప్రయోజనాలకు వాడినచో మార్పిడి రుసుముపై అదనంగా 50 శాతం జరిమానా విధింపబడును. అయితే ఈ చట్టం ఒక దిశలోనే పనిచేయును. సాగు భూమిలో ఇల్లు కట్టుటకు అనుమతి కావలెను గాని, ఇంటి పెరటిలో కూరగాయల మడి వేసుకొనుటకు ఈ చట్టం క్రింద ఏ అనుమతీ అక్కరలేదు. పాడి, కోళ్ల పెంపకం, చేపల పెంపకం కొరకు వాడు భూములకు, ఒక ఎకరం మించని సంప్రదాయ కుటీర పరిశ్రమల స్థలాలకు చట్టంలోని 7వ సెక్షన్ మినహాయింపు ఇచ్చినది. అట్లని జనావాసాల నడుమ పశువుల కొట్టానికి పురపాలక ప్రజారోగ్య నిబంధనలు వర్తించకపోవు.

పురపాలక పన్ను విషయంలోనూ ఇదే సూత్రం కనిపించును. 1965 నాటి పురపాలక సంఘాల చట్టం మూలధన విలువపై విధించు ఖాళీ స్థలాల పన్ను నుండి, కేవలం వ్యవసాయానికే ఉపయోగించు భూములను వేరుచేసినది. ఆ చట్టం స్థానంలో 2019లో తెలంగాణ పురపాలక చట్టం వచ్చినది.

విలీనం వలన రైతుకు వాస్తవంగా నష్టం కలుగునది భూసేకరణ సందర్భంలో. 2013 నాటి భూసేకరణ చట్టం గ్రామీణ ప్రాంతాలలో మార్కెట్ విలువను 1 నుండి 2 వరకు గల గుణకంతో హెచ్చించవలెనని, పట్టణ ప్రాంతాలలో గుణకం 1 మాత్రమేనని నిర్దేశించినది. ఆపై 100 శాతం సొలేషియం కలుపుదురు. ఉదాహరణకు 10 లక్షల రూపాయల మార్కెట్ విలువ గల భూమికి, గుణకం 1.5గా ఉన్న గ్రామంలో 30 లక్షలు లభించును. అదే విలువ గల భూమికి పట్టణ పరిధిలో 20 లక్షలే. పట్టణంలో మార్కెట్ విలువ అధికమని దీనికి సమర్థన. రిజిస్ట్రేషన్ విలువలు సవరించక ముందే విలీనం జరిగిన చోట ఆ సమర్థన నిలువదు. రెండు, అంతకు మించి పంటలు పండు నీటిపారుదల భూములను చివరి మార్గంగానే సేకరించవలెనన్న 10వ సెక్షన్ రక్షణ నుండి కొన్ని తరగతుల ప్రాజెక్టులను మినహాయించు అధికారాన్ని రాష్ట్ర సవరణ ప్రభుత్వానికి కల్పించినది.

ఆదాయపు పన్నులో కొలత మరొకటి. 2014 ఏప్రిల్ నుండి అమలైన నిబంధన ప్రకారం 10 వేలకు మించి లక్ష వరకు జనాభా గల పట్టణానికి 2 కిలోమీటర్లు, లక్షకు మించి 10 లక్షల వరకు గల నగరానికి 6 కిలోమీటర్ల లోపు సాగు భూమి విక్రయంపై మూలధన లాభం లెక్కింపబడును. దూరం వైమానికంగా కొలువబడును. 2011 జనాభా లెక్కల ప్రకారం నిజామాబాద్ జనాభా 3 లక్షల 11 వేలు, బోధన్ జనాభా 77 వేలకు పైబడి ఉన్నది. కావున మొదటిదానికి 6, రెండవదానికి 2 కిలోమీటర్లు. అయితే రెండేళ్లు తాను గాని, తల్లిదండ్రులు గాని సాగు చేసిన పట్టణ భూమిని అమ్మి, రెండేళ్లలో వేరొక సాగు భూమి కొన్న రైతుకు 1961 చట్టంలోని 54బి సెక్షన్ మినహాయింపు ఇచ్చినది.

విదేశాలలో ఈ అంశంపై నేరుగా చట్టాలు వచ్చినవి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 2019లో ఇంటి ఆవరణలో కూరగాయల తోటలను స్థానిక సంస్థలు నియంత్రించరాదని శాసనం చేసినది.

చెరకు ధర విషయంలో 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు పట్టణ, గ్రామ భేదం చూపలేదు. సరఫరా చేసిన 14 రోజులలో చెల్లించని ధరపై ఏడాదికి 15 శాతం వడ్డీ అన్నది ఎకరం రైతుకూ వర్తించును. కౌలుదారు స్థితి మాత్రం బలహీనమైనది. 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులు కల్పించగా, 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం ఏడాది కాలపు రుణ అర్హత కార్డుకే పరిమితమైనది. దాని వలన భూమిపై ఏ హక్కూ సంక్రమించదు. తలమీద గంపతో ఆకుకూరలు అమ్ముకొను సాగుదారునికి 2014 నాటి వీధి విక్రేతల చట్టం తోడ్పడును. సర్వే పూర్తయి ధ్రువపత్రం ఇచ్చువరకు అప్పటికే ఉన్న విక్రేతను తొలగించరాదని, తరువాత తొలగించవలసి వచ్చినను 30 రోజుల నోటీసు ఇవ్వవలెనని ఆ చట్టం స్పష్టపరచినది.