తెగిపోవు సంకేతము చెప్పు సంగతి

తీగలేని కీబోర్డు, మౌసు మాటిమాటికి ఆగిపోయినచో, వాటిని పారవేయుటకు ముందు విశాఖపట్టణమున వాల్తేరులో జరిగిన ఒక పరిశోధనను తలచుకొనుట మంచిది.

దూరపు రేడియో కేంద్రములను వినువారికి ధ్వని హెచ్చి తగ్గుట ఒకప్పుడు పెద్ద చికాకు. భూమికి దాదాపు 100 కిలోమీటర్లు, అంతకు మించిన ఎత్తున అయనావరణము ఆ తరంగములను తిప్పిపంపును. అచటి పొరలు కదలుచుండుటచే సంకేతము హెచ్చుచు తగ్గుచుండును. 1950 తరువాతి దశకములో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్య బి. రామచంద్రరావుగారును, వారి సహచరులును ఈ లోపమునే పనిముట్టుగా చేసికొనిరి. కొద్ది దూరములలో వేరువేరు చోట్ల సంకేతమును గ్రహించి, ఒకే తగ్గుదల ఏ చోట ఎంత ఆలస్యముగా కనిపించినదో కొలిచి, అయనావరణములోని గాలుల వేగమును, దిశను లెక్కగట్టిరి.

కీబోర్డు సంకేతము గది దాటి పోనక్కరలేదు. ఐనను పద్ధతి అదియే: ఎప్పుడు తెగుచున్నదో గమనింపవలెను. బ్యాటరీ మార్చగానే కుదిరినచో లోపము బ్యాటరీదే. యు.ఎస్.బి. 3.0 డిస్కు తగిలించినపుడే తెగినచో, దానినుండి వెలువడు రొద కీబోర్డు వాడు 2.4 గిగాహెర్ట్‌జ్ ప్రాంతములో పడి రిసీవరును చెవిటిదానిని చేయుచున్నదన్నమాట. చిన్న పొడిగింపు తీగతో రిసీవరును డిస్కుకు దూరము జరిపి చూడవలెను.

ఒకమారు ఒక్క మార్పే చేయవలెను. రెండు చేసినచో కీబోర్డు బాగుపడవచ్చును గాని, కారణము మాత్రము దొరకదు.