పాటల వరస: పోస్టుకార్డు నుంచి బ్రౌజరు దాకా

(మా ఊరి తెలుగు కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



శనివారం పొద్దున మా ఇంట్లో దోసెలు పోస్తున్నంతసేపూ వంటింట్లో లాప్‌టాప్ మీద పాటలు వస్తూంటాయి. మొన్న మా అమ్మాయి వచ్చి, "నాన్నా, నా పాట కూడా క్యూలో పెట్టవా? తాతగారి పాటలన్నీ అయ్యేదాకా ఆగలేను" అంది. తాతగారి పాటలు మొత్తం నలభై రెండు. అవి పూర్తయ్యేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ అవుతుంది. సరేనని దాని పాటను మూడో పాట తర్వాత ఇరికించాను.

క్యూ అన్న ఆ మాటే ఈ ప్రసంగానికి మూలం. దానికి మన మాట వరస. పాట బాణీని వరస అంటాం, ఒకదాని తర్వాత ఒకటి రావడాన్ని వరస అంటాం, చుట్టరికాన్నీ వరసే అంటాం. ఈ రోజు చెప్పబోయేది రెండో వరస గురించి. మిగతా రెండూ మధ్యలో వచ్చి పలకరిస్తాయి.

పాటలు వరసగా వినాలన్న కోరిక కంప్యూటరు కంటే చాలా పాతది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టేది. పొడుగు పాటను రెండు ముక్కలు చేసి రెండు వైపులా ఎక్కించేవారు. పాట అవగానే ఎవరో ఒకరు లేచి రికార్డు తిప్పాలి. 1927లో అమెరికాలో విక్టర్ కంపెనీ రికార్డులను తనంతట తానే మార్చుకునే గ్రామఫోనును అమ్మకానికి పెట్టింది. రికార్డుల దొంతర పెట్టి హాయిగా కూర్చోవచ్చు. ఏ రికార్డు పైన, ఏది కింద అన్నది మాత్రం ఇంట్లోవాళ్ళ ఇష్టం.

మనలో ఎక్కువమంది ఇళ్ళలో అంత ఖరీదైన పెట్టెలు ఎక్కడివి? రేడియోనే దిక్కు. 1952లో కేంద్ర మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణిలో సినిమా పాటలు బాగా తగ్గిపోయాయి. జనం ముల్లును సిలోన్ వైపు తిప్పారు. ఆ స్టేషను నుంచి మీనాక్షి పొన్నుదురై గారు వినిపించిన తెలుగు పాటలు విన్న పెద్దలు ఇప్పుడు ఈ రేడియో ముందు కూడా ఉండే ఉంటారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలయ్యాక సినిమా పాటకు ఆకాశవాణిలో మళ్ళీ చోటు దొరికింది. తర్వాతి కాలంలో మనవాళ్ళకు కోరిన పాటలంటే జనరంజని. పోస్టుకార్డు మీద పాట పేరు, సినిమా పేరు, కింద ఇంటిల్లిపాది పేర్లు రాసి పంపడం, ఇక రోజూ చెవి రేడియోకి అప్పగించడం. మా నాన్నగారు తెనాలి నుంచి అలా రాసిన కార్డులకు లెక్కలేదు. ఒక్కసారి మా అందరి పేర్లూ చదివారట. ఆ సమయంలో ఆయన గుంటూరు బస్సులో ఉన్నారు. సాయంత్రం పక్కింటివాళ్ళు చెబితే తెలిసింది.

అంటే రేడియోలో పాట కోరుకోవడం మన చేతిలో ఉంది, వరస మన చేతిలో లేదు. ఆ వరసను మన చేతికిచ్చింది క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ దాన్ని 1963లో తెచ్చినా, మా ఊరి రికార్డింగు షాపులు నాకు తెలిసింది తొంభైల్లో. ఖాళీ క్యాసెట్టూ, కాగితం మీద పాటల లిస్టూ ఇస్తే రెండు రోజుల్లో ఎక్కించి ఇచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్టుకు వైపుకి ముప్పై నిమిషాలు, అంటే ఏడో ఎనిమిదో పాటలు. నాన్నగారు ఆ లిస్టు రాయడానికి ఒక సాయంత్రమంతా తీసుకునేవారు. "మల్లీశ్వరి పాట అవగానే గంతులేసే పాట పెట్టకూడదురా, మధ్యలో ఒకటి నెమ్మదిది ఉండాలి" అనేవారు. ఒకసారి షాపాయన కాగితం పోగొట్టాడు. అప్పట్నుంచి నకలు డైరీలో రాసుకునేవారు.

ఆ క్యాసెట్లతో పెరిగినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. ఒక పాట ముగుస్తూండగానే తర్వాతి పాట ఎత్తుగడ మనసులో మొదలవుతుంది. ఆ పాట ఇంకెక్కడ విన్నా, చెవి మన క్యాసెట్టులోని తర్వాతి పాట కోసమే ఎదురుచూస్తుంది.

ఇక ఇంటర్నెట్టు. 1995 ఏప్రిల్‌లో సియాటిల్‌కు చెందిన ప్రోగ్రెసివ్ నెట్‌వర్క్స్ అనే కంపెనీ రియల్ ఆడియో విడుదల చేసింది. రెండేళ్ళ తర్వాత అది రియల్ నెట్‌వర్క్స్‌గా పేరు మార్చుకుంది. పాట మొత్తం దిగేదాకా కాచుకోనక్కర లేకుండా, వస్తున్నది వస్తున్నట్టుగా వినిపించడం దాని ప్రత్యేకత. ఫోను లైను మీద 14.4 మోడెముతో కూడా పనిచేసేది. బ్రౌజరులో లింకు నొక్కితే ముందుగా దిగేది పాట కాదు, 'రామ్' అనే చిన్న ఫైలు. దాన్ని నోట్‌ప్యాడులో తెరిస్తే లోపల పాట ఉండే చోటు చిరునామా కనిపించేది, అంతే. ఒక్కో పంక్తిలో ఒక్కో చిరునామా రాస్తే ప్లేయరు వరసగా వాయించుకుంటూ పోయేది. 1997లో వచ్చిన విన్ యాంప్ వాడిన ఎమ్‌త్రీయూ ఫైలూ ఇదే రకం. ప్లేలిస్టు అన్నది ఇదే. అందులో పాటలు ఉండవు, పాటలు ఎక్కడున్నాయో ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

రాగా, మ్యూజిక్ ఇండియా ఆన్‌లైన్ లాంటి సైట్లు వచ్చాక ఆ ఫైలును మనం రాయక్కర్లేకపోయింది. నచ్చిన పాటల పక్కన గళ్ళలో టిక్కులు పెట్టి మీట నొక్కితే చిన్న కిటికీలో ప్లేయరు తెరుచుకునేది. వేరే కిటికీ ఎందుకంటే, ఆ రోజుల్లో ఇంకో లింకు నొక్కగానే పేజీ మొత్తం మారిపోయి పాట ఆగిపోయేది. 2004లో ఫైర్‌ఫాక్స్ మొదటి వెర్షను, విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీసు ప్యాకు ఇలాంటి పాపప్ కిటికీలను అడ్డుకోవడం మొదలుపెట్టాయి. ప్రకటనల బాధ తగ్గింది గానీ, పాటల కిటికీలకూ అదే గతి పట్టింది. తర్వాత పేజీ మారకుండా లోపలి విషయం మాత్రమే మార్చే పద్ధతి అలవాటయ్యాక, ప్లేయరు పేజీ అడుగున కదలకుండా కూర్చుంది. ఒక పక్క పాట మోగుతూండగానే ఇంకో సినిమా వెతికి క్యూలో చేర్చుకోవడం అప్పుడు కుదిరింది.

నేను 2010లో ఎమ్మెస్‌కి వచ్చాను. యూనివర్సిటీ ల్యాబులో ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించుకోనివ్వరు. కన్సల్టెంటునయ్యాక క్లయింటు ఆఫీసుల్లోనూ అదే వరస. బ్రౌజరొక్కటే మన సొంతం. 2013లో నాన్నగారు ఫోనులో చెబుతూంటే రెండు ఆదివారాలు కూర్చుని నలభై రెండు పాటలు ఒక సైటులో క్యూ కట్టాను. అదే లాగిన్‌తో తెనాలిలో ఆయనా వినేవారు. ఆయన కళ్ళు అప్పటికే మసకబారుతున్నాయి. పేర్లు చదవలేరు, వరస గుర్తు. "పదకొండోది అయింది, ఇంక ఘంటసాలే" అనేవారు.

ఒకరోజు ఆ సైటు మూతపడింది. పేరెందుకు లెండి. నేను తెలివిగా దాచుకున్న ఫైలు తెరిచి చూస్తే నలభై రెండు పంక్తులూ భద్రంగానే ఉన్నాయి. అన్నీ అంకెలతో నిండిన చిరునామాలు. ఏది ఏ పాటో ఒక్కదానికీ తెలియదు. ఐటీవాణ్ణి, మాస్టర్స్ చదివినవాణ్ణి, పాట పేరు పక్కన రాసుకోవాలన్న ఆలోచన రాలేదు. రెండు రోజులు తటపటాయించి నాన్నగారికి చెప్పాను. "దానికెందుకురా అంత బాధ? డైరీలో రాసుకున్నాగా" అన్నారు. ఆ ఆదివారం అమ్మ చదివింది, నేను టైపు చేశాను. పాట, సినిమా, పాడినవాళ్ళు, వరస సంఖ్య. గంటలో పని అయిపోయింది.

ఇది మా ఇంటికే జరిగిన సంగతి కాదు. 2020 డిసెంబరు 31న అడోబీ ఫ్లాష్‌కు సెలవు చెప్పింది. దాని మీద కట్టి, తర్వాత మార్చుకోని పాత పాటల పేజీలు మూగబోయాయి. దానికి బదులు బ్రౌజరే స్వయంగా పాట వాయించే పద్ధతి అప్పటికి పాతదే. 2009లో ఫైర్‌ఫాక్స్ 3.5 నాటికే వచ్చింది. ఒక పాట ముగియగానే 'అయిపోయింది' అని బ్రౌజరు కబురు చేస్తుంది, ప్రోగ్రాము వరసలో తర్వాతిది అందిస్తుంది. క్యూ వెనకాల ఉన్న కథంతా ఇంతే.

మరి వరస అయిపోయాక? ఇప్పటి ప్లేయర్లు చాలావరకు ఆగవు. మనం విన్నవీ, మనలాంటివాళ్ళు విన్నవీ లెక్కగట్టి తమకు తోచిన పాట అందుకుంటాయి. దీన్ని తిట్టను. నాన్నగారికి కూడా తెలియని మంచి పాత పాట ఒకటి అలాగే మా ఇంటికి వచ్చింది. కాకపోతే మల్లీశ్వరి తర్వాత ఏం రాకూడదో దానికి ఎవరూ చెప్పలేదు. రేడియో రోజుల్లో వరస స్టేషనువాళ్ళది, క్యాసెట్టుతో మనదైంది, మనం ఊరుకుంటే మళ్ళీ ఇంకెవరిదో అవుతుంది.

అందుకని నా మనవి ఒకటే. ఈ ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు అమ్మనో నాన్ననో అడిగి, వాళ్ళ పాటలు వాళ్ళు చెప్పిన వరసలోనే కాగితం మీద రాసుకోండి. లింకులు కాదు, పాట పేరు, సినిమా, పాడినవారు. సైట్లు వస్తూంటాయి, పోతూంటాయి. ఆ కాగితం ఉంటే ఏ ప్లేయరులోనైనా గంటలో మళ్ళీ కట్టుకోవచ్చు.

మా కాగితంలో మూడో పాట తర్వాత ఇప్పుడు కొత్తగా ఒక పాట చేరింది. ఫోనులో నాన్నగారికి వినిపిస్తే, "పరవాలేదు, కానీ ఆరో పాట తర్వాతకి జరపమను, అక్కడ బాగుంటుంది" అన్నారు. మనవరాలు ఇంకా ఒప్పుకోలేదు. బేరం నడుస్తోంది.